మొదటి మీటరు కొనే ముందు: నాలుగు మంచాల రూం నుంచి ఒక లెక్క



పోయిన నెల నుంచి ఐటీఐ తమ్ముళ్లు, డిప్లొమా ఫస్టియర్ చెల్లెళ్లు ఒకటే ప్రశ్న అడుగుతున్నరు. "అన్నా, ఎలక్ట్రానిక్స్ సొంతంగ నేర్చుకుందామని ఉంది. మొదలు ఏం కొనాలె? మల్టీమీటరా, సోల్డరింగ్ ఐరనా, ఆసిలోస్కోపా?" ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పేకన్నా ఒకసారి కూర్చొని రాస్తే అందరికీ పనికొస్తదని రాస్తున్నం. పోస్టు పెద్దది, తీరికగ చదవండి.

మేము అంటే ఒక హాస్టల్ రూంల నలుగురం. ఒకరిది తిర్యాణి వైపు గోండు గూడెం, ఒకరిది కెరమెరి దిక్కు కోలాం గూడ, ఒకరిది మహాదేవ్‌పూర్ అడవి అంచు నాయకపోడు వాడ, ఇంకొకరిది ఏటూరునాగారం కోయ గూడెం. చదివేది రామగుండంల. నలుగురి ఇండ్లల్ల కాలేజీ మెట్టు ఎక్కినోళ్లు మేమే మొదలు. అందుకే ఏ వస్తువు కొనాలన్నా "మా అన్న వాడిండు, మా నాన్న చెప్పిండు" అనే మాట మాకు లేదు. అడిగి, చదివి, లెక్క వేసుకొని కొనాలె. తప్పు వస్తువు కొంటే మళ్లీ కొనే పైసలు ఉండవు. ఈ లెక్క అట్లాంటి వాళ్ల కోసమే.

మనిషికి ఐదు వందలు వేసుకున్నం. మొత్తం రెండు వేలు. ఆ రెండు వేలు ఎట్ల ఖర్చు పెట్టాలని రెండు నెలలు మాట్లాడుకున్నం.

కొలవకుండా ఎవరూ దిగని ఊరు

మనం ఉన్న జాగ ఎట్లాంటిదో ముందు చూడండి. ఇక్కడి ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2600 మెగావాట్లు. 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్లవి నాలుగు. దానికన్నా ముందు 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల చిన్న స్టేషన్ కూడా ఇక్కడిదే. హాస్టల్ మేడ మీద నిలబడితే రాత్రిపూట చిమ్నీల ఎర్ర లైట్లు కనబడతయ్. కానీ మా నలుగురి ఊర్లల్ల ఎండకాలం సాయంత్రం ఫ్యాను తిరుగుతుందో లేదో చెప్పలేం. కరెంటు పుట్టే ఊర్ల చదువుకుంట, కరెంటు సరిగ చేరని ఊర్లకు సెలవులకు పోతం. రెండింటి నడుమ ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే కొలవాలె.

కొలుచుడు అనేది ఈ బొగ్గు బెల్టుకు కొత్త కాదు. గనిలోకి షిఫ్టు దిగకముందే మైనింగ్ సర్దార్ పోయి పనిస్థలం చూసి వస్తడు. గాలి ఎట్లుంది, పైకప్పు ఎట్లుంది, గ్యాసు ఉందా అని. మీథేన్ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. 1815ల హంఫ్రీ డేవీ చేసిన సేఫ్టీ దీపం వచ్చినంక, మంటను చిన్నగ చేసి దాని మీద నీలం టోపీ లెక్క వెలుగు కనబడుతుందా అని చూసి గ్యాసును అంచనా కట్టేటోళ్లు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ మీథనోమీటర్లు వచ్చినయ్. మన దేశపు నియమం ప్రకారం గనిలోని గాలిల మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు సప్లై ఆపేయాలె. వందల ఒకటింపావు! కంటికి కనబడని అంత చిన్న అంకె మీద అంతమంది ప్రాణాలు ఉంటయ్.

యైటింక్లయిన్ కాలనీల ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్ తాత ఉన్నడు. ఆదివారాలు మేము ఆయన దగ్గరికి పోతం. ఆయన మాకు మొదటి రోజు చెప్పిన మాట ఇది: "బిడ్డా, మీటరు చెప్పింది నమ్మేముందు మీటరును అడుగు." దీని అర్థం కింద చెప్తం.

ముందు ప్రశ్న, తర్వాత వస్తువు

"ఏ మీటరు మంచిది" అని అడిగేముందు "నేను ఏం కొలుస్త" అని అడగండి. మేము ఒక కాగితం మీద రాసుకున్నం. మొబైల్ చార్జరు, ఇయర్‌ఫోన్ వైరు, ఎల్ఈడీ బల్బు, ఊర్లె సోలార్ లైటు, బండి బ్యాటరీ, టేబుల్ ఫ్యాను, కాలేజీ ప్రాజెక్టుకు ఆర్డుయినో బోర్డు. ఇంతే. వీటిల దేనికైనా అడిగే ప్రశ్నలు నాలుగే.

ఒకటి, ఇక్కడ వోల్టేజీ ఉందా, ఎంత ఉంది? రెండు, ఈ వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండ ఉందా? మూడు, ఈ రెసిస్టరు, ఈ డయోడు మంచిదేనా? నాలుగు, ఎంత కరెంటు పారుతుంది?

నాలుగింటికీ జవాబు చెప్పేది ఒక మామూలు మల్టీమీటరు. అందుకే మొదటి వస్తువు అదే. ఆసిలోస్కోపు కాదు. వోల్టేజీ కాలంతో ఎట్ల మారుతుందో బొమ్మ గీసి చూపించేది స్కోపు. ఆ ప్రశ్న వచ్చినరోజు దాని సంగతి చూద్దాం.

పసుపు మీటరు మంచిదా, కాదా?

రెండు మూడు వందలకు దొరికే చిన్న పసుపురంగు మీటరు అందరూ చూసే ఉంటరు. డీటీ 830డీ అని రాసి ఉంటది. దీన్ని తిట్టేటోళ్లు తిడతరు, "ఇదే చాలు" అనేటోళ్లు అంటరు. మా మాట ఏందంటే: బ్యాటరీలు, చార్జర్లు, బ్రెడ్‌బోర్డు మీది సర్క్యూట్లకు ఇది చాలు. గోడ ప్లగ్గులోకి, ఫ్యూజు బోర్డులోకి దీన్ని పెట్టొద్దు.

ఎందుకంటే మీటరు ఇప్పేసి చూస్తే తెలుస్తది. చాలావాటిల 10 ఆంపియర్ల సాకెట్టుకు ఫ్యూజే ఉండదు. సాకెట్టు పక్కన "అన్‌ఫ్యూజ్డ్" అని వాళ్లే ఇంగ్లీషుల అచ్చు వేస్తరు. లోపల ఒక మందమైన తీగ ముక్క, అంతే. ఎర్ర వైరు ఆ సాకెట్టుల ఉండంగ 230 వోల్టుల ప్లగ్గుల పెడితే అది కొలత కాదు, నేరుగ షార్టు సర్క్యూటు. వైర్లు కరుగుతయ్, చెయ్యి కాలుతది. డయలు మీద 600, 750, 1000 అని అంకెలు ఉండొచ్చు. అచ్చువేసిన అంకె వేరు, లోపల ఉన్న కాపుదల వేరు.

దీనికోసం ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఈసీ 61010. దాని ప్రకారం మీటర్లకు క్యాట్ రేటింగులు ఉంటయ్. క్యాట్ 2 అంటే ప్లగ్గుకు పెట్టే సామాన్ల దాకా. క్యాట్ 3 అంటే ఇంటి బోర్డు, పర్మనెంట్ వైరింగు దాకా. క్యాట్ 4 అంటే కరెంటు మీటరు, బయటి లైను దాకా. బయటికి పోయినకొద్దీ షార్టు అయితే పారే కరెంటు ఎక్కువ, పిడుగు పడితే వచ్చే దెబ్బ ఎక్కువ. అందుకే అక్కడ పెట్టే మీటరు బలంగ ఉండాలె.

అందుకే మేము రెండు మీటర్లు కొన్నం. ఒకటి కొంచెం మంచిది, క్యాట్ 3 అని రాసి ఉన్నది, రెండు సాకెట్లకూ ఫ్యూజులు ఉన్నది. అది మాకు 750కి పడ్డది. రెండోది పసుపు మీటరు, 250. రెండు ఎందుకంటే ఒకేసారి వోల్టేజీ, కరెంటు రెండూ చూడాల్సి వస్తది. ఇంకోటి, రెండు మీటర్లు ఒకే బ్యాటరీకి వేర్వేరు అంకె చూపిస్తే ఏదో ఒకటి అబద్ధం చెప్తుందని తెలుస్తది. ఒక్క మీటరు ఉన్నోనికి అది ఎప్పటికీ తెలువది.

షాపుల నిలబడి చూడవలసినవి:

1. రెండు ప్రోబులు ఒకదానికొకటి తాకించి ఓమ్‌ల రేంజిల చూడండి. సున్నా దగ్గర, అర ఓమ్ లోపల స్థిరంగ నిలబడాలె. అంకెలు ఎగిరితే వైరో, సాకెట్టో లూజు.

2. బీప్ వెంటనే వస్తుందా చూడండి. తాకించినంక ఆలోచించి అరిచే మీటరు చిరాకు పెడతది.

3. కొత్త పెన్సిల్ సెల్లు ఒకటి జేబుల పెట్టుకొని పోండి. 1.5 కన్నా కొంచెం పైన, 1.6 దగ్గర చూపించాలె.

4. వెనుక మూత తీసి ఫ్యూజు చూపించమని అడగండి. అడిగితే కొందరు షాపోళ్లు "కొంటవా, కొనవా" అంటరు. అననీయండి. పైసలు మనయి.

5. ప్రోబు వైర్లు మెత్తగ ఉండాలె, ముల్లు దగ్గర వేలు జారకుండ అంచు ఉండాలె. చాలాసార్లు మీటరు బాగనే ఉంటది, వైర్లే పాడు.

6. లోపల ఏ బ్యాటరీ పడతదో చూడండి. 9 వోల్టులదైతే ఒక స్పేరు దగ్గర ఉంచుకోండి. చవక మీటర్ల లోపలి బ్యాటరీ నీరసపడితే అంకె తక్కువ చూపించదు, ఎక్కువ చూపిస్తది. పాడైపోయిన బ్యాటరీని కూడా మంచిదని చెప్తది.

ట్రూ ఆర్ఎంఎస్ అనే మాట కూడా వినబడతది. ఇంట్లకు వచ్చే కరెంటు అల నున్నగ ఉంటది, దానికి మామూలు మీటరు చాలు. ఇన్వర్టరు నుంచి వచ్చే చదరపు అలను మామూలు మీటరు పది శాతం దాకా ఎక్కువ చూపించొచ్చు. ఇన్వర్టర్ల పని చేసేటోళ్లకే ట్రూ ఆర్ఎంఎస్ అవసరం. మొదటి ఏడాది దానికోసం డబుల్ పైసలు పెట్టొద్దు.

టెస్టర్ స్క్రూడ్రైవరు, గుండు బల్బు

మన ఊర్లల్ల అందరి దగ్గర ఉండే పరికరం టెస్టరు. లోపల చిన్న నియాన్ బల్బు, ఒక పెద్ద రెసిస్టరు. మన ఒంట్ల నుంచి అతి కొంచెం కరెంటు భూమికి పోతే వెలుగుతది. ఎండల వెలిగినా కనబడదు. రబ్బరు చెప్పులతోని, పొడి చెక్క మీద నిలబడితే వెలగకపోవచ్చు. న్యూట్రల్ తెగితే రెండు రంధ్రాలల్ల వెలిగి మనల్ని పిచ్చోళ్లను చేస్తది. అందుకే "టెస్టరు వెలగలేదు, కరెంటు లేదు" అని ఎవరన్నా అంటే చెయ్యి పెట్టొద్దు. వెలిగితే ఉన్నట్టు లెక్క. వెలగకపోతే ఏమీ తెలవనట్టు లెక్క.

డిజిటల్ మీటరుకూ ఇంకో తీరు మాయ ఉంది. ఎటూ కలపని వైరు, కరెంటు ఉన్న వైరు పక్కన పోతుంటే, దాంట్ల 60, 80 వోల్టులు ఉన్నట్టు చూపిస్తది. దాన్ని దయ్యం వోల్టేజీ అంటరు. ఒక బల్బు పెడితే అది మాయమైతది, ఎందుకంటే అంకె ఉంది గని దాని వెనుక బలం లేదు.

ఈ పనికి పాత గుండు బల్బు గొప్ప పరికరం. పాతకాలం మెకానిక్కుల దగ్గర సీరీస్ బోర్డు ఉంటది. ఒక హోల్డరు, ఒక గుండు బల్బు, ఒక సాకెట్టు, అన్నీ ఒకే వరుసల. రిపేరు చేసిన వస్తువును నేరుగ ప్లగ్గుల పెట్టకుండ దీంట్ల పెడతరు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగ వెలుగుతది, అంతేగాని ఫ్యూజు కొట్టదు, పేలదు. వంద వాట్ల బల్బైతే ఎంత షార్టు ఉన్నా 0.43 ఆంపియరు దాటనియ్యదు. ఒక్క మాట గుర్తుంచుకోండి: బల్బు కాపాడేది వస్తువును, మనిషిని కాదు. వైరు ముట్టుకుంటే షాకు షాకే. మేము దీన్ని తాత ముందట కూర్చొని కట్టినం. 180 రూపాయలైంది.

మేము రూం గోడకు అంటించిన నియమాలు

మొదటి ఆరు నెలలు బ్యాటరీలు, 5 వోల్టుల చార్జర్లు మాత్రమే. గోడ కరెంటు జోలికి ఒంటరిగ పోవద్దు.

కరెంటు కొలిచినంక ఎర్ర వైరును వెంటనే వోల్టేజీ సాకెట్టుల పెట్టాలె. మీటరు పక్కన పెట్టేముందు చెయ్యవలసిన చివరి పని అదే.

కరెంటు లేదని తేల్చేముందు మూడుసార్లు కొలవాలె. ముందు కరెంటు ఉన్నదని తెలిసిన జాగల, తర్వాత మనం పని చేసే జాగల, మళ్లీ తెలిసిన జాగల. మూడోసారి ఎందుకంటే నడుమల మీటరే పాడై ఉండొచ్చు. తాత చెప్పిన "మీటరును అడుగు" అంటే ఇదే.

చివరిది మాకు అన్నిటికన్నా పెద్దది. మన అడవి అంచు ఊర్లల్ల పందుల కోసం చేనుకు కరెంటు తీగలు కట్టుడు మీకు తెలుసు. ఆ తీగలకు మనుషులు పోయిండ్రు, ఎడ్లు పోయినయ్, పులులు కూడా పోయినయ్. మీ దగ్గర మీటరు ఉన్నదని తెలిస్తే ఎవరో ఒకరు "ఆ తీగల కరెంటు ఉందో లేదో చూడు" అంటరు, లేకపోతే "ఎట్ల కట్టాలో చెప్పు" అంటరు. రెండూ చెయ్యొద్దు. మా ఊర్లల్ల మేము చెయ్యమని చెప్పేసినం. కొందరికి కోపం వచ్చింది. వచ్చినా సరే. చీకట్ల నీళ్లకు పోయే మనిషికి ఆ తీగ కనబడదు.

బ్యాటరీ పాడైందన్నరు

ఇప్పుడు మీటరు ఏం పని చేస్తదో ఒక నిజమైన లెక్క చెప్తం.

మాలో కెరమెరి దిక్కు వాని ఇంటి మీద 40 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది. 12 వోల్టుల బ్యాటరీ, చిన్న కంట్రోలరు, రెండు లైట్లు. వాని చెల్లె ఏడో తరగతి, ఆ లైటు కిందనే చదువుతది. నాలుగు నెలల నుంచి లైటు గంటసేపు కూడా ఉంటలేదు. పట్నంల ఒక షాపాయన వచ్చి చూసి "ప్యానెల్ మంచిదే, 20 వోల్టులు వస్తుంది. బ్యాటరీ పోయింది, కొత్తది వెయ్యాలె" అన్నడు. కొత్త బ్యాటరీ అంటే ఆ ఇంటికి ఒక ఎండకాలం తునికాకు పైసలు. వాళ్ల నాయిన ఆ పైసలు అప్పు అడగబోతుంటే మేము సెలవులకు పోయినం.

మొదలు బ్యాటరీ చూసినం. 11.6 వోల్టులు. నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6, 12.7 ఉండాలె. అంటే ఖాళీ. కానీ ఖాళీ అయిన బ్యాటరీ వేరు, పాడైన బ్యాటరీ వేరు. అన్నం తినని మనిషిని చూసి రోగం అనొద్దు కదా.

మధ్యాహ్నం ఎండల కంట్రోలరు దగ్గర ప్యానెల్ వైర్లు విప్పి కొలిచినం. 20.5 వోల్టులు. షాపాయన అంకె నిజమే. తర్వాత వైర్లు మళ్లీ కలిపి, బ్యాటరీకి చార్జి ఎక్కుతుండంగ రెండు కొసల కొలిచినం. ఇంటి మీద ప్యానెల్ దగ్గర 19.8. కింద కంట్రోలరు దగ్గర 12.0. ఒకటే వైరు, రెండు కొసలు, నడుమ దాదాపు 8 వోల్టులు ఎటో పోయినయ్. కరెంటు చూస్తే 0.4 ఆంపియరు. ఆ ప్యానెల్ మంచి ఎండల రెండు ఆంపియర్ల పైన ఇయ్యాలె.

వైరు వెంట చెయ్యి పెట్టుకుంట పోతే కప్పు కింద ఒక జాయింటు. ఉత్తగ మెలిపెట్టి టేపు చుట్టిండ్రు. రెండు వానకాలాలకు లోపల రాగి ఆకుపచ్చగ, నల్లగ అయింది. ఆ జాయింటుకు అటొక ప్రోబు, ఇటొక ప్రోబు పెడితే 7.8 వోల్టులు. మంచి జాయింటు మీద సున్నా ఉండాలె. పోయిన ఎనిమిది వోల్టులు అక్కడ ఉన్నయ్. చెల్లె తన నోటుబుక్కుల అంకెలన్నీ రాసుకుంది. "అన్నా, షాపాయన కొలిచినప్పుడు ఎందుకు కనబడలే?" అని అడిగింది.

మంచి ప్రశ్న. నల్లా పైపుల మట్టి పేరుకున్నది అనుకోండి. నల్లా మూసి ఉంటే ఒత్తిడి నిండుగనే ఉంటది. తిప్పితే సన్నటి ధార వస్తది. వైరు విప్పి కొలిచినప్పుడు కరెంటు పారుతలేదు. కరెంటు పారనప్పుడు చెడ్డ జాయింటు కూడా మంచిదాని లెక్కనే కనబడతది. పారినప్పుడే అది అడ్డం పడతది. ఇంకో సంగతి, అదే జాయింటును బీప్ పెట్టి చూస్తే బీప్ కూడా రావచ్చు. చాలా మీటర్లు ముప్పై, యాభై ఓమ్‌లు ఉన్నా అరుస్తయ్. మా లెక్కన ఆ జాయింటు ఇరవై ఓమ్‌లు. బీప్ వస్తే వైరు తెగలేదని మాత్రమే తెలుస్తది, బాగుందని కాదు.

రాగి మెరిసేదాక గీకి, మెలిపెట్టి, సోల్డరు వేసి, వాన నీళ్లు పడకుండ ట్యూబు తొడిగినం. కరెంటు 2.1 ఆంపియర్లకు వచ్చింది. ప్యానెల్ దగ్గర వోల్టేజీ 12.6కు పడిపోయింది. కొత్తగ నేర్చుకునేటోళ్లు ఇక్కడ భయపడతరు, 20 నుంచి 12కు పడ్డదేందని. పడాలె. చిన్న కంట్రోలర్లల్ల చార్జి ఎక్కేటప్పుడు ప్యానెల్‌ను బ్యాటరీ తన వోల్టేజీకి గుంజుకుంటది. అంకె తగ్గుడే ఇక్కడ మంచి గుర్తు.

రెండు దినాలు ఎండ తాగినంక, రాత్రంతా ఊరికే ఉంచి పొద్దున కొలిస్తే 12.7. బండి బ్రేకు లైటుకు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు పెట్టి పది నిమిషాలు చూసినం. అది 1.75 ఆంపియర్లు గుంజుతది. వోల్టేజీ 12.2 దగ్గర నిలబడ్డది. పాడైన బ్యాటరీ అయితే బల్బు పెట్టంగనే 10, 9కి కూలుతది. ఇది నిలబడ్డది. అప్పు తప్పింది.

ఆ బ్యాటరీ అట్లనే ఇంకో ఏడాది అర్ధాకలితోని ఉంటే నిజంగనే చచ్చేది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం ఖాళీగ ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ చార్జి ఎక్కదు. అప్పుడు షాపాయన మాట నిజమయ్యేది. కొత్త బ్యాటరీ వేసినా అదే జాయింటు కింద అదీ పోయేది.

తర్వాత ఏం కొనాలె, ఏది వద్దు

సోల్డరింగ్ ఐరన్: మీటరు తర్వాత ఇదే. 25 వాట్లది చాలు. సోల్డ్రాన్ లాంటి మన దేశపు కంపెనీవి దొరుకుతయ్, బిట్టు మార్చుకోవచ్చు. సోల్డరు తీగ, ఫ్లక్సు కలిపి మాకు 320 అయింది.

పవర్ సప్లై: కొత్తది కొనకండి. పాత మొబైల్ చార్జరు 5 వోల్టులిస్తది. ఎల్ఎం317 అనే చిన్న ఐసీతోని 1.25 నుంచి మొదలుపెట్టి కావలసిన వోల్టేజీ తయారు చేసుకోవచ్చు. పాత కంప్యూటరు సప్లై కూడా పనికొస్తది. పచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే ఆన్ అయితది. పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3 వోల్టులు. కానీ దాని కరెంటు చాలా ఎక్కువ, షార్టు అయితే వైరు కాలుతది. ఫ్యూజు పెట్టకుండ వాడొద్దు. దాని డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్గు పీకినంక కూడా లోపలి కెపాసిటర్లల్ల మూడు వందల వోల్టుల దాకా ఉంటది. పైసలు ఉన్నరోజు కరెంటు లిమిటు పెట్టుకునే బెంచి సప్లై కొనండి. తప్పు కనెక్షన్ ఇచ్చినా ఐసీ కాలే అవకాశం తగ్గుతది.

కాంపొనెంట్ టెస్టరు: ట్రాన్సిస్టరు, కెపాసిటరు, డయోడు ఏది పెట్టినా కాళ్లు గుర్తుపట్టి చెప్తది. జర్మనీల ఇద్దరు హాబీ మనుషులు మార్కస్ ఫ్రెయెక్, కార్ల్-హైంజ్ క్యూబెలర్ తయారు చేసి అందరికీ వదిలిన డిజైను. అందుకే ఇంత చవకగ దొరుకుతుంది. పాత బోర్డుల సామాను ఏరుకునే మనకు బాగ ఉపయోగం. కెపాసిటరును ఖాళీ చేసినంకనే పెట్టండి.

ఆసిలోస్కోపు: డీఎస్ఓ 138 అనే కిట్టు ఉంది. మనమే సోల్డరు చేసుకోవాలె. ఒకటే చానెలు, 200 కిలోహెర్ట్జ్ దాకా. ఆడియో, సెన్సారు, 555 ఐసీ సర్క్యూట్లు చూడొచ్చు. 50 వోల్టులు దాటొద్దు, గోడ కరెంటుకు అసలే పెట్టొద్దు. దీనికన్నా ముందు కాలేజీ ల్యాబుల సీఆర్ఓ ఉంటది కదా, అది వాడండి. మనోళ్లు ల్యాబుల వెనుక వరుసల నిలబడి, నాబులు వేరేటోళ్లు తిప్పుతుంటే చూస్తరు. "సార్, ప్రాక్టికల్ అయినంక అరగంట వాడుకుంటం" అని అడగండి. మేము అడిగినం, ఇచ్చిండ్రు. అడిగేదాక ఎవరూ ఇయ్యరు.

లాజిక్ ఎనలైజరు: ఆర్డుయినో పని మొదలుపెట్టినంక. ఎనిమిది చానెళ్ల చిన్న యూఎస్‌బీ డబ్బా, పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేరు ఫ్రీ. ఆర్డుయినో యూనోనే ఒక చిన్న వోల్టుమీటరు, 0 నుంచి 5 వోల్టులను 1024 భాగాలు చేసి చూస్తది.

ఎక్కడ కొనాలె

మామూలు మీటరు, ఐరను, వైర్లు గోదావరిఖని లక్ష్మీనగర్ వైపు షాపులల్ల దొరుకుతయ్. చేతిల పట్టుకొని చూసి కొనొచ్చు. ఐసీలు, కిట్లు కావాలంటే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ. రామగుండంల భాగ్యనగర్ ఎక్కితే పోవచ్చు. కానీ ఒక ఐసీ కోసం పోకండి. పది మంది లిస్టు రాసుకొని ఒకరిని పంపండి. ఆన్‌లైన్ల కొంటే వాపసు ఉన్నదే కొనండి, వచ్చిన రోజే పైన చెప్పిన ఆరు పరీక్షలు చెయ్యండి.

మా మొత్తం లెక్క: మంచి మీటరు 750, పసుపు మీటరు 250, ఐరను సామాను 320, సీరీస్ బోర్డు 180, బ్రేకు బల్బు, హోల్డరు 60, బ్రెడ్‌బోర్డు, క్లిప్పులు, స్పేరు ఫ్యూజులు, 9 వోల్టుల బ్యాటరీ కలిపి 200. మొత్తం 1760. మిగిలిన 240 డబ్బాల ఉంచినం, ఫ్యూజులకు, బ్యాటరీలకు. ఇవి మేము కొన్ననాటి ధరలు, మీరు పోయిననాడు అటూ ఇటూ ఉండొచ్చు.

ఐదు వందలే ఉన్నోళ్లు పసుపు మీటరు, ఒక బ్రేకు బల్బు, క్లిప్పులు కొనండి. బ్యాటరీ పనులు మాత్రమే చెయ్యండి. వెయ్యి ఉంటే ఫ్యూజులున్న మంచి మీటరు ఒక్కటే కొనండి, మిగిలినదాంతోని బ్రేకు బల్బు. నలుగురు కలిస్తే మా లిస్టు. ఒక్కరే రెండు వేలు పెట్టుకునే అవసరం లేదు. మీటరుకు యజమాని ఎవరని గొడవ రాకుండ ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు, ఏ రోజు, దేనికి తీసుకపోయిండ్రు, ఏం అంకె వచ్చింది అని రాయాలె. మా నోటుబుక్కుల ఇప్పుడు 61 ఎంట్రీలు ఉన్నయ్. అందుల 22 మా నలుగురివి కావు, హాస్టల్ల వేరే తమ్ముళ్లవి.

గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్లు వేరే సెట్టు మొదలుపెడతమన్నరు. లిస్టు కావాలంటే రాయండి, షాపుకు తోడు వస్తం. దసరా సెలవులల్ల ఊర్లకు పోయేటోళ్లు మీ గూడెంల సోలార్ లైట్లు ఎన్ని వెలుగుతున్నయ్, ఎన్ని ఆగినయ్ లెక్క రాసుకొని రండి. ఆగినవాటి దగ్గర ప్యానెల్ కొస, కంట్రోలరు కొస, బ్యాటరీ, ఈ మూడు చోట్ల చార్జి ఎక్కుతుండంగ వోల్టేజీ రాయండి. మీటరు లేనోళ్లు మా పసుపు మీటరు తీసుకపోవచ్చు, నోటుబుక్కుల సంతకం పెట్టి.

అందరికీ జోహార్.